అండర్‌టేకర్, షాన్ మైకేల్స్: పదమూడేళ్ల వైరాన్ని వరుసగా చూడండి

అండర్‌టేకర్, షాన్ మైకేల్స్ పేర్లు కలిపి చెప్పగానే మనవాళ్లలో ఎక్కువమందికి గుర్తొచ్చేది అమెరికా రెజ్లింగ్ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈ ఏటా జరిపే పెద్ద వేడుక రెజిల్‌మేనియాలో 2009 నాటి పోటీ. హ్యూస్టన్‌లో జరిగిన ఆ అరగంట పోరును ప్రొఫెషనల్ రెజ్లింగ్ చరిత్రలోని మేటి పోటీల్లో ఒకటిగా ప్రపంచమంతా లెక్కిస్తుంది. ఆ లెక్కతో నాకు పేచీ లేదు. అయితే ఆ ఒక్కదాన్ని చూసి, బాగుందనుకుని వదిలేసినవారు అసలు సరుకులో సగం కూడా చూడలేదని గట్టిగా చెప్పగలను. ఈ ఇద్దరి మధ్య 1997 నుంచి 2010 వరకు జరిగిన పెద్ద పోటీలన్నిటినీ వరుసగా పెట్టుకుని చూస్తే, ప్రతి పోటీ దాని ముందటి పోటీని గుర్తుపెట్టుకుని నడిచిందని అర్థమవుతుంది. ఒకప్పుడు తగిలిన దెబ్బ పన్నెండేళ్ల తర్వాత మరో రూపంలో తిరిగి వస్తుంది. ఒకప్పుడు చేసిన మోసం మరోసారి చేయబోయి బెడిసికొడుతుంది. ఈ వైరానికి ఉన్న విలువంతా ఆ జ్ఞాపకంలోనే ఉంది కాబట్టి ఈ సమీక్షను కూడా అదే వరుసలో రాస్తున్నాను.

విజయవాడలో కేబుల్ టీవీ కాలంలో పెరిగినవారికి అండర్‌టేకర్‌ను కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. బడి పక్క కొట్లో అమ్మే ట్రంప్ కార్డుల్లో ఎత్తు, బరువు, ఛాతీ, ఆడిన పోటీలు, గెలిచిన పోటీలు, ర్యాంకు అంటూ అంకెలు చదివి ఎదుటివాడి కార్డు లాక్కునే ఆట సత్యనారాయణపురంలో ఎలా ఆడేవారో కృష్ణలంకలోనూ అలాగే ఆడేవారు. "అండర్‌టేకర్‌కు ఏడు ప్రాణాలు" అన్న నమ్మకం కూడా పేటపేటనా ఒకే మాటగా ఉండేది. ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. 1990 నవంబరులో సర్వైవర్ సిరీస్‌లో తొలిసారి కనిపించినప్పటి నుంచే సంస్థ ఆ పాత్రను చావులేనివాడిగా తీర్చిదిద్దింది. నల్ల టోపీ, నల్ల కోటు, దెబ్బ తగిలినా చలించని ముఖం, పడిన మనిషి నడుము దగ్గర విరిగినట్టు ఒక్కసారిగా నిటారుగా లేచి కూర్చోవడం, వీటన్నిటికీ తోడు ప్రకటించిన ఎత్తు 6 అడుగుల 10 అంగుళాలు. షాన్ మైకేల్స్ ఆరడుగులకు కాస్త మించినవాడు. శాన్ ఆంటోనియోలో పెరిగి, అందం, చురుకుదనం, పొగరు మూడూ కలిపి అమ్ముకున్నవాడు. ఇద్దరూ 1965లో, నాలుగు నెలల తేడాతో పుట్టారు. ఈ సమవయస్సు చివరి పోటీకి వచ్చేసరికి చాలా ముఖ్యమవుతుంది.

వైరానికి మొదలు 1997 ఆగస్టు 3న జరిగిన సమ్మర్‌స్లామ్. ఆ రాత్రి అండర్‌టేకర్ చాంపియన్, బ్రెట్ హార్ట్ పోటీదారు, వారి మధ్య రిఫరీగా షాన్ మైకేల్స్. బ్రెట్‌కూ షాన్‌కూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే కాలమది. చివర్లో బ్రెట్ అతని ముఖాన ఉమ్మేశాడు. ఒళ్లు మరిచిన షాన్ కుర్చీ ఎత్తి విసురుగా కొట్టాడు, బ్రెట్ వంగిపోయాడు, దెబ్బ అండర్‌టేకర్‌కు తగిలింది. భుజాలు నేలకానిన అండర్‌టేకర్ మీద, రిఫరీగా తన విధి ప్రకారం, గెలుపు తేల్చే మూడు లెక్కపెట్టి, తాను ద్వేషించే బ్రెట్‌కే బెల్టు అప్పగించాల్సిన స్థితి షాన్‌కు వచ్చింది. కథ అల్లడంలో ఇంత పొందికైన మొదలు అరుదు. ఇందులో ముందుగా తలపెట్టిన దుర్మార్గం లేదు. ఒక్క క్షణం కోపం, గురి తప్పిన ఒక్క దెబ్బ, దాని నుంచి పదమూడేళ్ల లెక్క.

అదే రాత్రి అదే రింగులో జరిగిన మరో సంగతిని ఇక్కడే చెప్పుకోవాలి. ఓవెన్ హార్ట్ వేసిన పైల్‌డ్రైవర్‌లో స్టీవ్ ఆస్టిన్ మెడకు నిజంగానే తీవ్రమైన గాయమైంది. మనిషిని తలకిందులుగా పట్టుకుని కిందికి దిగే ఈ పట్టులో, దించేవాడు కూర్చుండిపోతే ఎదుటివాడి తల నేరుగా నేలకు తగిలే ప్రమాదం ఉంది. అండర్‌టేకర్ వేసే టూంబ్‌స్టోన్‌లో అతను మోకాళ్ల మీద దిగుతాడు, ఎదుటివాడి తల అతని తొడల మధ్య, నేలకు కాస్త పైనే ఆగుతుంది. ఆ కాస్త ఎడమే ఒక మనిషి మెడను కాపాడుతుంది. గెలుపోటములు ముందే నిర్ణయమైన ఆట ఇది అన్న మాట నిజమే అయినా, తలకిందులుగా వేలాడే మనిషి ఎదుటివాడి చేతుల్లో తన మెడను పెడుతున్నాడన్న మాట కూడా అంతే నిజం. ఈ వైరంలోని ప్రతి టూంబ్‌స్టోన్‌నూ ఆ ఎరుకతో చూడాలి.

సెప్టెంబరు 7న లూయిస్‌విల్‌లో జరిగిన తొలి ముఖాముఖి పోటీ ఫలితం తేలకుండానే ముగిసింది. రింగు బయటా లోపలా కొట్టుకోవడం, రిఫరీలు పడిపోవడం, షాన్ మనుషులు జొరబడటం తప్ప అందులో నిలిచిపోయేది తక్కువ. తర్వాతి పోటీకి బోను ఎందుకు అవసరమైందో చెప్పడానికి మాత్రం అది పనికొస్తుంది. తీరిక లేనివారు దాన్ని దాటేయవచ్చు.

1997 అక్టోబరు 5న సెయింట్ లూయిస్‌లో జరిగిన బ్యాడ్ బ్లడ్ పోటీని మాత్రం ఎవరూ దాటేయకూడదు. పైకప్పుతో సహా రింగు మొత్తాన్ని ఇనుప జాలీతో మూసేసే హెల్ ఇన్ ఎ సెల్ అన్న ఏర్పాటు పుట్టింది ఆ రాత్రే. మామూలు బోను పోటీల్లో గోడ ఎక్కి బయటపడినవాడు గెలుస్తాడు, ఇక్కడ పైన కప్పు ఉంది కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. బోనుకూ రింగుకూ మధ్య ఖాళీ జాగా కూడా ఉండటం వల్ల పారిపోతున్నట్టు కనిపించే మనిషికి పరిగెత్తడానికి చోటు దొరుకుతుంది, తప్పించుకోవడానికి మాత్రం దొరకదు. మొదటి పావుగంట చూడండి. అండర్‌టేకర్ ఎక్కడా తొందరపడడు. నడుస్తాడు, పట్టుకుంటాడు, జాలీకేసి కొడతాడు, మళ్లీ నడుస్తాడు. షాన్ కళ్లలో బెదురు రింగు నాలుగు మూలలా తిరుగుతూ ఉంటుంది. దెబ్బ తిని ఎగిరి పడటంలో షాన్‌ను మించినవాడు నాకు తెలిసినంతలో లేడు. అతను పడే తీరు వల్లనే కొట్టేవాడి బలం మనకు రెట్టింపుగా తెలుస్తుంది.

ఈ పోటీలో మలుపు తిప్పినవాడు ఒక కెమెరామన్. లోపల చిత్రీకరిస్తున్న అతని మీద షాన్ తన ఉక్రోషమంతా తీర్చుకుని చితకబాదుతాడు. గాయపడినవాణ్ని బయటికి తీసుకుపోవడానికి తలుపు తెరవక తప్పలేదు, ఆ సందులో షాన్ జారుకున్నాడు. వెంటపడిన అండర్‌టేకర్‌తో పోరు బోను కప్పు మీదికి ఎక్కింది. నెత్తురోడుతున్న ముఖంతో షాన్ కిందికి దిగబోయి జాలీ పట్టుకుని వేలాడుతుండగా అండర్‌టేకర్ అతని వేళ్లను తొక్కాడు, షాన్ జారి కామెంటేటర్ల బల్ల మీద పడ్డాడు. ఈ కెమెరామన్ సంగతి గుర్తుంచుకోండి, 2009లో మళ్లీ అవసరమవుతుంది.

షాన్‌ను తిరిగి లోపలికి ఈడ్చుకొచ్చి, టూంబ్‌స్టోన్‌కు సైగ చేసిన క్షణాన దీపాలు ఆరిపోయాయి. కథ ప్రకారం చిన్నప్పుడు ఇంటి మంటల్లో చనిపోయాడనుకున్న తమ్ముడు కేన్ తొలిసారి ఎర్ర వెలుగులో నడిచొచ్చి, బోను తలుపు ఊడబెరికి, అన్నకు అన్న పట్టే వేసి వెళ్లిపోయాడు. స్పృహ తప్పినంత పనైన షాన్ పాక్కుంటూ వచ్చి చెయ్యి వేస్తే మూడు లెక్క పూర్తయింది. గెలిచినవాడు గెలిచినట్టు లేడు, ఓడినవాడు అతని చేతిలో ఓడలేదు. డేవ్ మెల్ట్‌జర్ వంటి విమర్శకుడు దీనికి పూర్తి అయిదు నక్షత్రాలు ఇచ్చాడంటే ఆశ్చర్యం లేదు. పాత టీవీ నాటి బొమ్మ కాబట్టి తెర ఇరుకుగా, రంగులు కాస్త వెలిసినట్టుగా ఉంటాయి. పోటీ మొదలైన అయిదు నిమిషాలకే ఆ లోటు మరిచిపోతారు.

1998 జనవరి 18న శాన్ హోసేలో, రాయల్ రంబుల్ రాత్రి జరిగిన శవపేటిక పోటీ కళాఖండం కాదు. ఎదుటివాడిని పేటికలో పడేసి మూత వేస్తే గెలుపు అన్న నియమం. చివర్లో షాన్ తరఫువారు గుంపుగా దిగడం, సాయానికి వచ్చినట్టు కనిపించిన కేన్ అన్నను గొంతు పట్టి ఎత్తి పేటికలోకి పడేయడం (చోక్‌స్లామ్), ఆ పేటికకు తాళం వేసి నిప్పు పెట్టడం, ఇదంతా ఎక్కువైపోయింది. మన పేటల్లోని ఏడు ప్రాణాల కథకు ఇలాంటి దృశ్యాలే ఊపిరి పోశాయి కానీ, ఆటగా చూస్తే అది గందరగోళమే. అయినా ఈ పోటీని చూడమంటున్నాను, కారణం మొదట్లో జరిగిన ఒక చిన్న ఘటన. అండర్‌టేకర్ అతన్ని తాళ్ల మీదుగా బయటికి విసిరినప్పుడు షాన్ నడుము పేటిక అంచుకు తగులుతుంది. చూడటానికి అదేమంత పెద్ద దెబ్బ కాదు, కామెంటరీ కూడా దాన్ని దాటుకుని పోతుంది. కానీ వెన్నులోని డిస్కులు దెబ్బతిన్నది అక్కడే. ఆ నొప్పితోనే ఆ పోటీ పూర్తి చేసి, మార్చి 29న బోస్టన్‌లో స్టీవ్ ఆస్టిన్‌కు బెల్టు అప్పగించి, 32 ఏళ్ల వయసులో షాన్ మైకేల్స్ రింగుకు దూరమయ్యాడు. ఈ సంస్థలో మళ్లీ పోటీ చేసింది 2002 ఆగస్టులో. కల్పిత వైరంలో నిజమైన గాయం చేరింది ఇక్కడే. తర్వాతి పోటీల్లో షాన్ నడుము పట్టుకుని పడినప్పుడల్లా అది నటనో నిజమో చూసేవారికి తేల్చుకోవడం కష్టమవుతుంది.

ఈ వరుసను ఈ మధ్య పటమటలో మా ఇంట్లో పెద్ద టీవీలో వేసుకుని చూస్తుంటే, తెనాలి నుంచి వచ్చిన మా బాబాయి కాసేపు నిలబడి చూసి, "ఏరా, ఎవడు గెలవాలో వీళ్లు ముందే అనుకుని దిగుతారట కదా? ఇందులో చూడటానికేముంది?" అని అడిగారు. పద్యనాటకం అంటే తెల్లవార్లూ కూర్చునే మనిషి కాబట్టి, ఆయన దారిలోనే జవాబు చెప్పాను. "కృష్ణుడి రాయబారం ఫలించదని మీకు తెలియదా బాబాయ్? అయినా ఆ పద్యం ఈ నటుడు ఎలా ఎత్తుకుంటాడో, రాగం ఎక్కడ ఆపుతాడో చూడటానికే కదా మీరు వెళ్లేది?" ఆయన ఇంకేమీ అనలేదు, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. రెజ్లింగ్‌ను నిజమైన కుస్తీతో పోల్చి చిన్నచూపు చూడటం సరికాదు. ఫలితం తెలిసిన కథలో కూడా అనుమానం పుట్టించగలగడమే ఇక్కడ పనితనం. ఆ పనితనానికి 2009 పోటీ పరాకాష్ఠ.

దానికి ముందు 2007 జనవరి 28 నాటి రాయల్ రంబుల్‌లో చివరి నిమిషాలు చూడండి. తాళ్ల మీదుగా బయటపడినవాడు ఓడినట్టే అన్న ఈ ముప్పై మంది పోటీలో చివరికి మిగిలింది వీరిద్దరే, అదీ షాన్ సొంత ఊరు శాన్ ఆంటోనియోలో. తొమ్మిదేళ్ల తర్వాత ఎదురుపడినవాళ్లు వెంటనే కలబడరు. ఇద్దరూ నేల మీద నుంచి లేచి, ఒకరినొకరు చూసుకుంటారు, జనం హోరు పెరుగుతుంది. షాన్ తన ఆఖరి కాలితన్నుకు సిద్ధమైనప్పుడు అండర్‌టేకర్ తప్పించుకుని అతన్ని తాళ్ల మీదుగా విసిరి గెలుస్తాడు. అందరికన్నా చివర, ముప్పయ్యో నంబరులో రింగులోకి వచ్చినవాడు రంబుల్ గెలవడం అదే తొలిసారి. కొద్ది నిమిషాల ఈ ముక్క ఒక ట్రైలర్‌లా పనిచేస్తుంది, రెండేళ్ల తర్వాత సంస్థ అసలు బొమ్మ వేసింది.

2009 ఏప్రిల్ 5. అండర్‌టేకర్ స్వస్థలమైన హ్యూస్టన్. అప్పటికి రెజిల్‌మేనియాల్లో అతను 16 పోటీలాడి 16 గెలిచాడు. షాన్‌కు మిస్టర్ రెజిల్‌మేనియా అన్న పేరుంది. 1997, 98లలో జరిగిన ఆ మూడు పెద్ద పోటీల్లో అండర్‌టేకర్ అతని మీద ఒక్కటీ గెలవలేదన్న లెక్క కూడా మనసులో ఉంటుంది, అందుకే ఈ పోటీకి ముందు పాతవి చూడమంటున్నాను. షాన్ తెల్లటి దుస్తుల్లో, వెలుగు మధ్య పైనుంచి దిగాడు. అండర్‌టేకర్ చీకట్లో వేదిక అడుగు నుంచి లేచాడు. ప్రవేశాలతోనే సగం కథ చెప్పేశారు. డెబ్బై వేలకు పైగా జనం ఉన్న స్టేడియంలో చివరి వరుసలోని మనిషికి కూడా అర్థమయ్యే భాష అది.

తొలి పది నిమిషాలు షాన్ తప్పించుకుంటూ, కాలి మీద కొడుతూ, ఎదుటి కొండను కొద్దికొద్దిగా తవ్వుతాడు. ఇక్కడ నిదానం కొందరికి విసుగనిపించవచ్చు, కానీ తర్వాత వచ్చే ప్రతి పెద్ద దెబ్బకూ బరువు తెచ్చిపెట్టేది ఈ నిదానమే. ఆ తర్వాత రెండు ఘోరమైన పాట్లు వెంటవెంటనే వస్తాయి. మొదట షాన్ పై తాడు నుంచి బయట ఉన్న అండర్‌టేకర్ మీదికి, వెనక్కి పల్టీ కొట్టి పడే మూన్‌సాల్ట్ వేయబోతే, అతను చేత్తో పక్కకు నెట్టేస్తాడు, షాన్ నేల మీద దబ్బున పడతాడు. వెంటనే అండర్‌టేకర్ రింగులోంచి పరుగెత్తి, పై తాడు మీదుగా బయటికి దూకుతాడు. ఆ వయసులో, ఆ ఎత్తు మనిషి అలా దూకడం ఒక్కటే చాలు ఊపిరి బిగబట్టడానికి. షాన్ అక్కడ నిలబడి ఉన్న కెమెరామన్‌ను ముందుకు లాగి అడ్డం పెడతాడు. అతను సరిగా పట్టుకోలేకపోవడంతో అండర్‌టేకర్ దాదాపు తల మీదే నేలకు దిగుతాడు. బోనులో కెమెరామన్‌ను కొట్టి తలుపు తెరిపించుకున్న మనిషి పన్నెండేళ్ల తర్వాత మరో కెమెరామన్‌ను కవచం చేసుకున్నాడు. మారాను, మంచివాణ్నయ్యాను అంటూ తెల్ల దుస్తుల్లో దిగినవాడి లోపల పాత షాన్ ఇంకా ఉన్నాడని ఒక్క కదలికతో చెప్పిన చోటది. పాత పోటీ చూడనివారికి అది ప్రమాదంగా మాత్రమే కనిపిస్తుంది.

రిఫరీ పది లెక్కపెట్టే సన్నివేశం అందరూ మాట్లాడుకునే టూంబ్‌స్టోన్ కన్నా నాకు ఎక్కువ నచ్చింది. షాన్ లోపల ఉన్నాడు. బయటపడ్డవాడు పదిలోగా రాకపోతే రెజిల్‌మేనియాల్లో అండర్‌టేకర్ తొలి ఓటమి, అదీ లెక్క తప్పి. లెక్కపెట్టమని షాన్ రిఫరీని తొందర పెడతాడు. కావలసింది గెలుపే కానీ ఈ తీరున కాదని అతని ముఖంలో ఒక్క క్షణం మెదులుతుంది, మళ్లీ ఆశ దాన్ని కప్పేస్తుంది. కెమెరా ఆ ముఖం మీద నిలిచిన ఆ కొద్ది సెకన్లను నెమ్మదిగా చూడండి. చివరి అంకెకు ముందు అండర్‌టేకర్ లోపలికి దొర్లుకొస్తాడు.

ఇక అక్కడి నుంచి ఇద్దరి దగ్గరున్న అస్త్రాలన్నీ బయటికొస్తాయి, ఏదీ పనిచేయదు. షాన్ తాళ్లు పట్టుకుని ఒడుపుగా లోపలికి తిరిగి వచ్చే తన పాత విన్యాసం చేస్తుంటే, గాలిలో తలకిందులుగా ఉన్నవాణ్ని అలాగే అందుకుని అండర్‌టేకర్ టూంబ్‌స్టోన్ వేస్తాడు. అంతా అయిపోయిందనుకున్నారు. రెండు దాటి, మూడు పడబోతుండగా షాన్ భుజం లేచింది. పద్దెనిమిదేళ్లుగా ఏ దెబ్బకూ చలించని అండర్‌టేకర్ ముఖంలో కళ్లు పెద్దవై, నోరు తెరుచుకుని, నమ్మలేనితనం కనిపిస్తుంది. మా బాబాయి అక్కడే "ఆ కళ్లు చూడరా!" అన్నారు. చివరికి షాన్ మూలపైకెక్కి వెనక్కి మూన్‌సాల్ట్ వేస్తే, గాలిలోనే అతన్ని పట్టుకుని రెండో టూంబ్‌స్టోన్ వేసి అండర్‌టేకర్ తన లెక్కను 17కు చేర్చాడు. షాన్ ఓడింది దుడుకు వల్ల, పైకి ఎగరాలన్న తన స్వభావం వల్ల. ముందు నేల మీద పడిపోయిన మూన్‌సాల్టే చివర్లో అతని కొంప ముంచింది.

ఒక లోపం చెప్పి తీరాలి. పెద్ద దెబ్బ వేయడం, రెండున్నర లెక్కకు భుజం లేపడం అన్న పద్ధతి ఈ పోటీలో అద్భుతంగా పండింది, ఎందుకంటే అంతకుముందు టూంబ్‌స్టోన్ తిన్నవాడు లేవడం అరుదు. దీని విజయం చూసి తర్వాతి తరం ప్రతి పెద్ద పోటీలోనూ అదే చేయసాగింది, దాంతో ఆఖరి అస్త్రం అన్నమాటకే విలువ తగ్గింది. ఆ నష్టం ఈ పోటీ తప్పు కాకపోయినా, ఇప్పుడు తొలిసారి చూసే కుర్రాళ్లకు ఇందులోని ఉలికిపాటు కొంత పలచబడి అందుతుంది. అదే రాత్రి దీని తర్వాత జరిగిన ట్రిపుల్ హెచ్, రాండీ ఆర్టన్‌ల ఆఖరి పోటీకి అలసిపోయిన జనం సరిగా స్పందించలేకపోయారు. మరుసటి ఏడు సంస్థ ఆ పొరపాటు చేయలేదు, వీరిద్దరి పోటీనే చిట్టచివర పెట్టింది.

2010 మార్చి 28, అరిజోనాలోని గ్లెండేల్. ఈ పోటీని చాలామంది రెండో స్థానంలో పెడతారు. వరుసగా చూసుకుంటూ వచ్చినవాడిగా నేను దీన్ని మొదటి స్థానంలో పెడతాను. కారణం దీని వెనుక ఉన్న కథ. ఓటమిని మరిచిపోలేని షాన్ మళ్లీ పోటీ కావాలని వెంటపడతాడు, అండర్‌టేకర్ ఒప్పుకోడు. రాయల్ రంబుల్ గెలిచి, అప్పుడు చాంపియన్‌గా ఉన్న అతనితో తలపడే హక్కు సంపాదించాలని చూసి, అక్కడ తాళ్ల మీదుగా బయటపడ్డాక షాన్ పిచ్చివాడిలా అయిపోతాడు. ఫిబ్రవరిలో ఎలిమినేషన్ చాంబర్ అన్న బోను పోటీ రాత్రి రింగు అడుగు నుంచి దూసుకొచ్చి తన్ని, అండర్‌టేకర్ బెల్టు క్రిస్ జెరికో పాలయ్యేలా చేస్తాడు. అప్పుడు అండర్‌టేకర్ ఒక షరతు పెడతాడు: ఓడితే షాన్ ఇక రెజ్లింగ్ మానేయాలి. 1997లో కోపంతో మొదలైన లెక్క ఇక్కడ తీరని కోరికగా మారింది. వైరం ఇలా రూపం మార్చుకోవడం ఈ రంగంలో చాలా అరుదు.

పోటీ నిడివి 2009 కన్నా తక్కువ, విన్యాసాలు కూడా తక్కువ. మొదట్లోనే అండర్‌టేకర్ మోకాలు దెబ్బతింటుంది, షాన్ ఆ కాలినే పట్టుకుని తిప్పుతాడు. బయట నేల మీద టూంబ్‌స్టోన్ పడుతుంది. షాన్ మూలపైకెక్కి, కామెంటేటర్ల బల్ల మీద పడి ఉన్న అండర్‌టేకర్ మీదికి మూన్‌సాల్ట్ వేసి బల్లను ముక్కలు చేస్తాడు. 1997లో తాను పడింది అలాంటి బల్ల మీదే, 2009లో తాను ఓడింది ఇదే మూన్‌సాల్ట్‌తో. రెండు పాత బాకీలను ఒక్క దూకుతో తీర్చుకున్నాడనిపిస్తుంది.

చివరి రెండు నిమిషాలు మాటల్లో చెప్పడం కష్టమే అయినా ప్రయత్నిస్తాను. రింగులో టూంబ్‌స్టోన్ వేసినా షాన్ భుజం లేచింది. భుజాల పట్టీలు దించుకుని, గొంతు కోసే సైగ మొదలుపెట్టిన అండర్‌టేకర్ చెయ్యి సగంలో ఆగిపోతుంది. కింద ఉన్నవాడి వైపు చూసి, ఇక లేవద్దంటాడు. షాన్ అతని ఒంటినే పట్టుకుని పైకి పాకుతాడు, లేచి, అతని సైగనే అతనికి తిరిగి చూపించి, చెంప ఛెళ్లుమనిపిస్తాడు. ఓటమి కోరి తెచ్చుకున్నాడు, కానీ జాలి మాత్రం వద్దన్నాడు. అండర్‌టేకర్ అతన్ని ఎత్తి, గాలిలోకి ఎగిరి మరీ మోకాళ్ల మీద దిగాడు. లెక్క 18కి చేరింది. ఆ ఎగురులోనూ షాన్ తల నేలకు తగలకుండా భద్రంగా ఉందన్న సంగతి గమనించండి. తర్వాత అండర్‌టేకర్ అతన్ని లేవదీసి, చెయ్యి కలిపి, గుండెలకు హత్తుకుని వెళ్లిపోతాడు. 44 ఏళ్ల షాన్ తాను పుట్టిన రాష్ట్రంలో, ఒంటరిగా జనం చప్పట్ల మధ్య నడిచి వెళ్లాడు.

షాన్ చాలా ఏళ్లు ఆ మాటకు కట్టుబడ్డాడు. 2012లో అండర్‌టేకర్, ట్రిపుల్ హెచ్‌ల బోను పోటీకి రిఫరీగా వచ్చాడు. 1997లో రిఫరీగా మొదలుపెట్టిన కథకు అది చక్కని కొసరు, తప్పక చూడదగ్గది. 2018 నవంబరులో రియాద్‌లో జరిగిన జోడీల పోటీలో మాత్రం షాన్ మళ్లీ బరిలోకి దిగాడు, ఎదుటి జట్టులో అండర్‌టేకర్, కేన్ ఉన్నారు. నలుగురికీ వయసు మీద పడిన ఆ పోటీని ఈ వరుసలో చేర్చవద్దని నా సలహా. గ్లెండేల్‌లో ముగిసిన కథకు అది ఏమీ కలపదు, పైగా కొంత తీసేస్తుంది.

సంస్థ కార్యక్రమాలు 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో నెట్‌ఫ్లిక్స్‌లో వస్తున్నాయి. పాత పోటీలను అధికారిక యూట్యూబ్ ఛానెల్‌లో కూడా పూర్తిగా పెడుతూ ఉంటారు. పది నిమిషాల ముక్కలు చూడవద్దు, ప్రవేశాలతో సహా మొత్తం చూడండి. ఒక్క ఆదివారం కేటాయించగలిగితే సమ్మర్‌స్లామ్ చివరి భాగం, బ్యాడ్ బ్లడ్, శవపేటిక పోటీ మొదటి సగం, 2007 రంబుల్ చివరి నిమిషాలు, ఆపైన రెండు రెజిల్‌మేనియాలు, ఈ క్రమంలో హాయిగా సరిపోతాయి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే బ్యాడ్ బ్లడ్‌ను వారు పడుకున్నాక పెట్టుకోండి, అందులో కనిపించే నెత్తురు నిజమైనదే.